పిల్ల జడ మన పరువు కాదు

మొన్నొక సోమవారం పొద్దున్నే బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే గింజల మధ్య దువ్వెన తగిలింది. అరగంట నుంచీ ఇల్లంతా వెతుకుతున్న దువ్వెన అది. కుక్కర్ పెట్టాలి, క్యారియర్ కట్టాలి, బడి ఆటో వచ్చే టైమైంది. "ఏమే, ఇది ఇందులోకి ఎట్టా వచ్చింది?" అని ఒక్క కేక వేశాను. మా పాప తలుపు వెనక నిలబడి ఉంది. రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఉంది. ఎవరో కొట్టబోతుంటే అడ్డం పెట్టుకుంటారే, అట్టా.

తొమ్మిదేళ్ళు దానికి. నాలుగో తరగతి. దువ్వెన ఎందుకు దాచిందో ఆడపిల్లల తల్లులకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నిజం చెప్పేస్తాను. అంతకు ముందు వారం అదే దువ్వెన తిరగేసి దాని భుజం మీద కొట్టాను. తల కదిలిస్తోందని, పాపిడి వంకర పోతోందని. అప్పటికి నెల కిందట బడి డైరీలో ఒక లైను రాసి పంపారు. "జడలు వదులుగా ఉంటున్నాయి, సరిగా వేసి పంపగలరు" అని. అంతే రాశారు. కానీ నాకు మాత్రం 'నువ్వు సరైన తల్లివి కావు' అని రాసినట్టు వినిపించింది. ఆ మర్నాటి నుంచి ఎంత బిగించానంటే, జడలు వేసి రిబ్బన్లు మడిచి కట్టేసరికి దాని కనుబొమలు పైకి లేచిపోయేవి. నుదురు నున్నగా, పాపిడి గీత గీసినట్టుగా ఉండేది. ఎదురింటి వాళ్ళు "మీ పాప జడలు ఎంత ముచ్చటగా ఉన్నాయో" అంటే పొంగిపోయాను. పిల్ల రోజూ ఏడుస్తూనే ఉంది. ఏడిస్తే "అందరి పిల్లలూ వేసుకోవడం లేదా?" అనేదాన్ని. మా అమ్మ నన్ను అన్న మాటే అది.

రెండు నెలలకి కణతల దగ్గర ఎర్రగా చిన్న చిన్న పొక్కులు కనిపించాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాను. తర్వాత చూస్తే చెవి పైన జుట్టు మొదలయ్యే చోట పలచబడింది. చిన్న చిన్న విరిగిన వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. భయమేసి నెల్లూరు తీసుకెళ్ళి చర్మం డాక్టరు గారికి చూపించాం. మందు రాస్తారు, రక్తపరీక్ష రాస్తారు అనుకుంటూ పోయాను. ఆవిడ పిల్ల తల అటూ ఇటూ తిప్పి చూసి, రిబ్బను పట్టుకుని, "ముందు దీన్ని వదులు చెయ్యండమ్మా" అన్నారు. బస్సులో బుచ్చి దాటి సంగం వచ్చేదాకా నేను నోరు తెరవలేదు.

ఆ జబ్బుకి పేరు కూడా ఉంది. ట్రాక్షన్ అలోపీషియా అంటారట. లాగడం వల్ల జుట్టు రాలిపోవడం. ఇదేం కొత్తగా వచ్చింది కాదు. ఎక్కడో మంచుదేశం గ్రీన్‌లాండ్‌లో ఆడవాళ్ళు జుట్టు బిగించి కట్టుకునేవారు. వాళ్ళ నుదుటి అంచున జుట్టు పోయిందని 1907లోనే వైద్యులు రాసిపెట్టారు. బిగుతు జడలు అల్లుకునే ఆఫ్రికా ఆడవాళ్ళలోనూ ఇది బాగా కనిపిస్తుందంటారు. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదురులో. రోజూ పది గంటలు ఆ కుదుర్ని లాగి ఉంచితే అది ముందు వాస్తుంది, తర్వాత వెంట్రుక సన్నబడుతుంది, ఊడుతుంది. తొందరగా చూసుకుని లాగడం మానేస్తే మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి అట్టాగే లాగితే కుదురు మూసుకుపోయి అక్కడ ఇక మొలవదు. మనలో ముప్పై ఐదు దాటిన ఎంతమందికి పాపిడి వెడల్పయి, కణతలు ఖాళీ అయ్యాయో అద్దంలో చూసుకోండి. అన్నీ బిగుతు జడల వల్లే అనను. కాన్పులున్నాయి, రక్తం తక్కువుంది, థైరాయిడ్ ఉంది. కానీ జడ వంతు కూడా ఉండొచ్చని మనకెవరూ చెప్పలేదు.

పైగా మనకి చెప్పింది దానికి ఎదురు మాట. "బిగించి వేస్తే జుట్టు పొడుగు పెరుగుతుంది." మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. వెంట్రుక నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగేది కుదురు నుంచి. కొసలు పట్టుకుని లాగితే వరి పైరు పెరుగుతుందా? పెన్న కాలవ కింద సేద్యం చేసుకునే వాళ్ళం, ఈ మాత్రం మనకి తెలీదా? పీకితే మొక్క చేతికొస్తుంది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది కూడా అట్టాంటిదే. కత్తి తెగ్గోసేది పైన ఉన్నదాన్ని, లోపలి కుదురుకి ఆ సంగతే తెలీదు.

సరే, ఇదంతా ఆరోగ్యం సంగతి. నాకు అసలు కోపం వచ్చింది ఇంకో దాని మీద.

ఆ రోజు రాత్రి జడలు విప్పుతుంటే పాప అడిగింది. "అమ్మా, నువ్వు మాత్రం వదులుగా ముడేసుకుంటావెందుకు?" నేను ఇంట్లో ఉన్నంతసేపూ జుట్టు చుట్టి క్లిప్పు పెట్టుకుంటాను. సాయంత్రం అది కూడా తీసేస్తాను, తలనొప్పి వస్తుందని. నాకు తలనొప్పి వస్తే తీసేస్తాను. దానికి వస్తే "ఓర్చుకో" అంటాను. ఏం జవాబు చెప్పమంటారు?

ఆలోచించి చూడండి, ఆ జడ ఎవరి కోసం వేస్తున్నాం? పిల్ల కోసమైతే దానికి నొప్పి లేకుండా వేస్తాం. జుట్టు కోసమైతే కుదుళ్ళు పాడు కాకుండా వేస్తాం. మనం వేస్తున్నది చూసేవాళ్ళ కోసం. పెళ్ళికి పోతే పెద్దమ్మలూ పిన్నమ్మలూ పిల్లని వెనక్కి తిప్పి జడ చేత్తో పట్టుకుని తూకం వేసినట్టు చూస్తారు. బారెడు ఉంటే తల్లి బాగా పెంచినట్టు. సన్నగా ఉంటే "ఎలకతోకలాగుందే, నూనె పెట్టవా పిల్లకి?" అని నలుగురిలో అనేస్తారు. పిల్లకి ఎక్కాలు వచ్చా అని అడగరు. కడుపు నిండా తింటోందా అని అడగరు. జడే మన మార్కుల కాగితం. ఆ మార్కుల కోసం మనం పిల్ల తల మీద పరీక్ష రాస్తున్నాం.

మగపిల్లాడి తల గురించి ఏ తల్లినీ ఎవరూ ఇట్టా నిలదీయరు. నెలకోసారి కటింగ్ చేయించి వదిలేస్తాం.

నేను జడకి శత్రువుని కాను. అది ముందే చెప్పాలి, లేకపోతే "ఈమె పిల్లలకి జుట్టు విరబోసి పంపమంటోంది" అంటారు. జడ మంచిది. అల్లుకుంటే చిక్కులు పడవు, దుమ్ము పట్టదు, ఆటల్లో అడ్డం రాదు. మనకి జడంటే ఉన్న ముచ్చట ఇంకెవరికుంది? భామాకలాపంలో సత్యభామ రాకముందే ఆమె జడ తెర మీదుగా బయటికొస్తుంది. ఆటలో పాటలో నన్ను గెలిచినవాళ్ళు ఈ జడ కోసుకోవచ్చు అని సవాలు. నాకు ఆ ఘట్టం ఎంతిష్టమో చెప్పలేను. ఎందుకంటే అక్కడ జడ సత్యభామది. ఆమె పొగరు, ఆమె విద్య, ఆమె పందెం. ఇంకెవరి పరువో ఆమె వీపు మీద మోయడం లేదు.

ఎండాకాలం పూలజడ సంగతి కూడా అంతే. ఒంటిపూట బడులు మొదలవగానే మల్లెమొగ్గలు దిగుతాయి. మా ఇంట్లోనూ వేశాం పోయినేడు. అట్టకి మొగ్గలు కుట్టి, సవరం పెట్టి, జడకుప్పెలు కట్టి, రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టి. ఫోటోలు చాలా బాగా వచ్చాయి. ఆ ఫోటోలు ఇప్పుడు మళ్ళీ చూస్తే పాప మెడ ఒక పక్కకి వాలి ఉంది. "బరువుగా ఉంది" అని అది ఆ రోజు నాలుగుసార్లు అన్నది నాకు గుర్తే. "ఒక్క ఫోటో, ఒక్క ఫోటో" అంటూ సాయంత్రం దాకా ఉంచాం. ఏడాదికొక్కసారి ముచ్చటే, వద్దనను. పిల్ల "చాలు" అన్న గంటకి విప్పేస్తే ఆ ముచ్చట తగ్గిపోతుందా?

ఇక బడి సంగతి. రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాలన్న రూలుకి కారణాలున్నాయని నాకు తెలుసు. నలభై మంది పిల్లలు బెంచీల మీద ఆనుకుని కూర్చుంటారు. జుట్టు విరబోసుకుంటే ఒకరి తల నుంచి ఒకరికి పేలు పాకుతాయి. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఒకేలా కనిపించాలన్నది కూడా మంచి ఆలోచనే. టీచరమ్మల్ని నేను తప్పు పట్టను, వాళ్ళూ మనలాంటి తల్లులే. పొద్దున్నే వాళ్ళ పిల్లలకి జడలు వేసి పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళే. కానీ 'జడ వేసుకుని రావాలి' అన్నది ఒక మాట. 'బిగుతుగా లేకపోతే నిలబెడతాం, డైరీలో రాస్తాం' అన్నది వేరే మాట. మొదటిది శుభ్రత. రెండోది పిల్ల శరీరం మీద పెత్తనం.

ఆ పెత్తనం ఎక్కడిదాకా పోతుందో మనం చూశాం. 2024 నవంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల కస్తూర్బా విద్యాలయంలో, అసెంబ్లీకి ఆలస్యంగా వచ్చారని పదిమందికి పైగా ఆడపిల్లల జుట్టు కత్తిరించేశారన్న వార్త పేపర్లలో వచ్చింది. ఆ వార్త చదివి మనందరం అయ్యో అన్నాం. జుట్టు కోసెయ్యడం తప్పని అందరికీ తెలుస్తుంది. అదే జుట్టు పట్టుకుని రోజూ పొద్దున లాగడం మాత్రం పెంపకం అయిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు కష్టపెట్టే శిక్షలు కూడా వెయ్యకూడదు అంటుంది. ఇంట్లో తల్లి చేతిలోని దువ్వెనకి ఆ సెక్షను వర్తించదు. అందుకే అది మనమే చూసుకోవాలి.

ప్రపంచం ఇంకో మూల దీనికి తలకిందులుగా ఉంది. అమెరికాలో నల్లజాతి పిల్లలు జడలు అల్లుకుని పోతే బళ్ళలో, ఉద్యోగాల్లో వద్దనేవాళ్ళు. దాని మీద ఏళ్ళ తరబడి పోరాడితే 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం మొట్టమొదట చట్టం చేసింది, జుట్టు తీరు చూసి ఎవర్నీ వేరుగా చూడకూడదని. అక్కడ అల్లుకోవద్దని గొడవ, ఇక్కడ బిగించి అల్లుకోవాలని గొడవ. రెండు చోట్లా ఆ తల ఎవరిదో వాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

పేల సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. పేలు పడ్డాయంటే తల్లి శుభ్రంగా ఉంచలేదని అర్థం కాదు. అవి దూకవు, ఎగరవు. తలకి తల ఆనితే పాకుతాయి, శుభ్రమైన తలలోకి కూడా పాకుతాయి. ఆ సిగ్గుతో కొంతమంది చేసే పనులు వింటే వెన్ను జలదరిస్తుంది. కిరసనాయిలు రాసి గుడ్డ కట్టడం. ఇంకా ఘోరం, పొలానికి తెచ్చిన పురుగుమందు పిల్ల తలకి రాయడం. అది చర్మంలోంచి ఒంట్లోకి పోతుందమ్మా, ప్రాణాలు పోతాయి. తల తడిపి, కొంచెం కండిషనరో నూనెనో పట్టించి, పాయ పాయకీ పేల దువ్వెనతో దువ్వండి. మూడు రోజులకోసారి చొప్పున రెండు వారాలు చెయ్యాలి. ఎందుకంటే ఈర్లు పగలడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఒక్క రోజు దువ్వి వదిలేస్తే మిగిలినవి మళ్ళీ పుడతాయి. తగ్గకపోతే మందుల షాపులో పేల మందు ఉంది, డాక్టర్ని అడిగి వాడండి. సిగ్గు కన్నా పిల్ల ముఖ్యం.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను. పెద్ద విద్యేమీ కాదు.

పొద్దున పరుగులో చిక్కు తియ్యడం మానేశాం. రాత్రి అన్నాలయ్యాక, అది కథ చెబుతుంటే నేను చిక్కు తీస్తాను. పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. మనం చేసేది ఎప్పుడూ నడినెత్తి నుంచి కిందికి ఒక్క లాగు, అందుకే చిక్కంతా ఒకచోట ముడి పడి పిల్ల కెవ్వుమంటుంది. తడి జుట్టు జడ వెయ్యను. తడిసిన వెంట్రుక సాగి తొందరగా తెగుతుంది, పైగా రోజంతా మాడు ఆరక దురద. సన్న రబ్బరు బ్యాండ్లు పారేసి గుడ్డ బ్యాండ్లు కొన్నాను. మూడు పాయలు అల్లేటప్పుడు మొదటి రెండు అల్లికలు వదులుగా వేస్తాను, కిందికి పోయాక కొంచెం బిగిస్తాను. జడ విడిపోదు. వేశాక ఒక వేలు జడ మొదట్లో దూర్చి చూస్తాను, వేలు దూరాలి. కనుబొమలు ఎత్తి దించమంటాను, నుదురు లాగినట్టుంటే విప్పి మళ్ళీ వేస్తాను. పాపిడి రోజూ ఒకేచోట తియ్యను. బడి నుంచి రాగానే బూట్లతో పాటు రిబ్బన్లు కూడా విప్పేస్తాం.

డైరీ లైను సంగతి? టీచరమ్మని కలిసి కణత దగ్గర చోటు చూపించాను. ఆవిడ చూసి, తన తలపాపిడి మీద చెయ్యి పెట్టుకుంది. "వదులుగానే వెయ్యండి, నేను చూసుకుంటా" అంది. ఇన్నాళ్ళూ నేను అడగనే లేదు కదా అనిపించింది.

ఇంకో మార్పు మా ఆయనది. "నాకు జడలు రావు" అని తొమ్మిదేళ్ళు తప్పించుకున్నాడు. గేదెలకి పలుపు తాడు పేనగలడు, మూడు పురులు పెట్టి మోకు అల్లగలడు, పిల్ల జడ మాత్రం రాదట! కూచిపూడి వాళ్ళలో తరతరాలుగా మగవాళ్ళే జడ కట్టుకుని సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషానికే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మగవాళ్ళకి జడ కట్టుకోవడం వచ్చినప్పుడు కట్టడం ఎందుకు రాదు? ఇప్పుడు మంగళ, శుక్రవారాలు ఆయనవి. ఆయన వేసిన జడలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. పాప ఆ రోజుల్లో ఏడవదు. ఆయన చెయ్యి భయపడుతూ పట్టుకుంటుంది కాబట్టి.

చివరిది, ఇంకా తేలనిది. పాప జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటానంటోంది. మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్ల జుట్టు కత్తిరిస్తే ఇంటికి మంచిది కాదు అమ్మాయ్" అంది. "మరి తిరుపతిలో ఇచ్చాం కదత్తమ్మా, మూడేళ్ళప్పుడు?" అంటే, "అది స్వామికి" అంది. పెద్దావిడ నమ్మకం, నేను నవ్వను. దేవుడికి తలనీలాలు ఇవ్వడానికి తొమ్మిదేళ్ళ పిల్లని అడగనక్కర్లేదు, దాని సుఖానికి ఇవ్వాలంటే మాత్రం ఊరందరినీ అడగాలి. అదొక్కటే నాకు మింగుడు పడటం లేదు. ఈ వేసవి సెలవుల దాకా ఆగమని పాపకి చెప్పాను. అప్పటికీ దానికి అదే మాట మీద ఉంటే నేనే తీసుకెళ్ళి కత్తిరించుకొస్తాను. అత్తమ్మ నాలుగు రోజులు మాట్లాడదు. మాట్లాడకపోయినా పిల్ల తల దువ్వేటప్పుడు పక్కనే కూర్చుంటుంది, నాకు తెలుసు.

పోయిన ఆదివారం సాయంత్రం బ్యారేజీ మీదికి నడిచాం. 2022లో అది మొదలైనప్పటి నుంచీ మా ఊరి వాళ్ళకి అదే బీచి. పెన్న గాలి విసురుగా కొడుతోంది. పాప రిబ్బన్లు విప్పి నా చేతిలో పెట్టి పరుగెత్తింది. జుట్టంతా మొహాన పడి చిక్కులు పడుతోంది. "అయ్యో, రాత్రికి ఎంత చిక్కు తియ్యాలో!" అనుకున్నాను. తర్వాత దాని కణత చూశాను. చెవి పైన సన్నగా, నూగులాగా, కొత్త జుట్టు వస్తోంది.

అమ్మలూ, ఈ రాత్రి మీ పాప జడలు విప్పాక ఒక్కసారి దీపం దగ్గర కూర్చోబెట్టి కణతలు, చెవుల పైన, పాపిడి మొదలు చూడండి. ఎర్రటి పొక్కులున్నాయా, పలచబడిందా? "నొప్పి పుడుతోందా?" అని అడగండి. అడిగి, అది చెప్పింది నమ్మండి. మీ ఇంట్లో దువ్వెన ఎక్కడెక్కడ దాక్కుందో కూడా నాకు చెప్పండి, బియ్యం డబ్బా ఒక్కటే అయి ఉండదు.